గట్టు తెగలేదు

కిందటి వారం సూరయ్యని భీమరాజు రొయ్యల చెరువుల దగ్గర వదిలి వచ్చాం. కాపలావాడి పాకలోంచి బయటికొచ్చిన సూరయ్య, మొలలో దోపుకున్న కొబ్బరికత్తి చేతిలోకి తీసుకుని తన ఊరు ఈదలమెరక దారి పట్టాడు. కాపలావాడు అతని చెవిలో ఏం వేశాడో మనకింకా తెలియదు. ఊరికి తెలిసింది ఇంతే. ఆగస్టులో గోదారి పొంగినప్పుడు మురుగుకాలవ గట్టు తెగింది. ఊరు మునిగింది. జనం అప్పటికే హైస్కూలు మేడ మీద ఉన్నారు కనక బతికిపోయారు. పోయింది ఇద్దరే. వడ్లూ పిండీ ఆడించే తమ మరలో పదిళ్ళ ధాన్యం ఉందని, బస్తాలు ఎత్తు మీదికి చేరుద్దామని మేడ దిగి వెళ్ళిన వీరాయమ్మ ఒకరు. ‘ఒక్కదానివీ ఏం మోస్తావే’ అంటూ ఆవిడ వెనకే వెళ్ళిన చిన్నమ్మలు ఇంకొకరు. చిన్నమ్మలు ఈ సూరయ్య భార్య.

వీరాయమ్మ కోడలే భవాని. మొగుడు శివశంకర్ మస్కట్‌లో ఉన్నాడు. తల్లి పోయినా సెలవు దొరకలేదన్నాడు. భవాని ఏడ్చి కూర్చోలేదు. తమ్ముడు అయ్యప్పని వెంటబెట్టుకుని, బురదలో కూరుకుపోయిన మరని మళ్ళీ తిప్పి తీరతానని పంతం పట్టింది.

ఆ పంతం నెగ్గే రోజు వచ్చింది.

నీళ్ళు తీసిన ఇరవై నాలుగో రోజు, పొద్దున్న తొమ్మిదింటికి, భవాని మర మధ్యలో నిలబడి చుట్టూ చూసుకుంది. మూడుసార్లు సున్నం కొట్టినా గోడ మీద నీటిగీత చావలేదు. అది ఆమె తలకి జానెడు పైన ఉంది. ఆ గీత కింద మోకాలి లోతు ఒండ్రు ఉండేది మొదట్లో. దాన్ని తట్టలకెత్తి మోసింది అయ్యప్పే. మొలకలెత్తి, పులిసి, పట్టుకుంటే చిట్లిపోతున్న ధాన్యం బస్తాల్ని ఈడ్చుకెళ్ళి కొబ్బరితోటలో పాతిపెట్టిందీ వాడే. ఆ కంపుకి కూలివాళ్ళు రెండో రోజే పారిపోయారు. వాడు మాత్రం కండువా ముక్కుకి చుట్టుకుని, మధ్యమధ్య బయటికెళ్ళి కక్కుకుని, మళ్ళీ లోపలికొచ్చి పార పట్టేవాడు.

వడ్లు ఆడే హల్లరు మిషను వెనక మూల, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ దొరికిన చోటు. అక్కడి గచ్చుని అయ్యప్ప కొబ్బరిపీచుతో గోళ్ళు లేచిపోయేలా తోమాడు. బ్లీచింగు పోసి తోమాడు, సున్నం పోసి తోమాడు. "చాల్లేరా, తెల్లగా అయిపోయింది" అని భవాని అంటే విననట్టే తోమాడు. చిన్నప్పుడు తల్లి లేని వాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి వీరాయమ్మది. ఆ మమకారమే వాణ్ణి అలా చేస్తోందనుకుంది భవాని. వాడు రాత్రుళ్ళు ఇంటికి రాకుండా మరలోనే పడుకున్నా, మనిషితో మాటాడ్డం మానేసినా, ఆమె అలాగే అనుకుంది.

"ఇంక తిప్పి చూద్దామాండీ?" అన్నాడు సాలమోను చేతులు తుడుచుకుంటూ. రాజోలు నుంచి వచ్చిన మోటారు మెకానిక్కు, యాభై దాటిన మనిషి. మోటారు విప్పి, మంచినీళ్ళతో కడిగి, లోపల బల్బులు పెట్టి వారం రోజులు ఆరబెట్టి, వార్నీషు పట్టించి, బేరింగులు మార్చి, నిన్ననే తెచ్చి దిమ్మ మీద బిగించాడు. కొత్త బెల్టు కూడా ఎక్కించాడు. నాని ఉబ్బిపోయిన పాత బెల్టు మూల పడి ఉంది.

"కాలిపోదు కదండీ?" అంది భవాని.

"తడిసినంత మాత్రాన మోటారు చచ్చిపోదండమ్మా. తడిసున్నప్పుడు కరెంటు తగిలితేనే చస్తాది. మీ మోటారికి తగల్లేదు. ఫ్యూజులెక్కడున్నాయండీ?"

అయ్యప్ప నిచ్చెన వేసుకుని దూలం దాకా ఎక్కాడు. పైన తాడుతో కట్టి ఉన్న ప్లాస్టిక్ సంచి విప్పి కిందికి తెచ్చాడు. సాలమోను ఫ్యూజులు తిప్పి తిప్పి చూశాడు. మచ్చ లేదు, చెమ్మ లేదు.

"ఆయ్! ఇదండీ బుద్ధంటే. ఈ వరదలో నలభై మోటార్లు చూసేనండి. ముందే ఫ్యూజులు పీకి దాచినోడు ఒక్కడూ లేడండి బాబూ. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"మా తమ్ముడిదేనండి," అంది భవాని గర్వంగా.

అయ్యప్ప తల తిప్పుకుని, నూకల డబ్బా అందుకున్నాడు. మొదట నూకలు పోసి ఆడించాలి. పిండి విసిరే రాళ్ళ గంట్లలో మిగిలిన మట్టి వాటితో వచ్చేస్తుంది. ఆ పిండి పారబోసి, అప్పుడు జనాన్ని రమ్మనాలి.

సాలమోను స్టార్టరు నొక్కాడు. మోటారు ఒక్క మూలుగు మూలిగి, అందుకుంది. బెల్టు చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుంటూ తిరిగింది. మర మొత్తం గచ్చుతో సహా వణికింది. ఇన్నాళ్ళ తరవాత ఆ చప్పుడు వినేసరికి భవాని కళ్ళు నిండిపోయాయి. గొట్టంలోంచి ముందు బూడిదరంగు పిండి పడింది, తరవాత మట్టిరంగు, తరవాత తెలుపు. ఆమె చెయ్యి పెట్టి ఆ తెల్లపిండి అరచేతిలోకి పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"అయ్యప్పా, చూడ్రా!" అని తలెత్తింది.

అయ్యప్ప పిండివైపు చూడ్డంలేదు. ఆమె భుజం మీదుగా పెరటి తలుపు వైపు చూస్తున్నాడు. వాడి ముఖంలో భయం లేదు. ఎప్పుడో రావలసిన మనిషి ఇప్పుడొచ్చినట్టు చూస్తున్నాడు.

భవాని వెనక్కి తిరిగేలోపు సూరయ్య ఆమెని ఒక్క తోపు తోసి దాటిపోయాడు. ముప్ఫయ్యేళ్ళు కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసిన చేతులవి. కత్తి పైకి లేచింది. మర చప్పుడులో అతను ఏం అరుస్తున్నాడో వినపడలేదు, నోరు తెరుచుకోవడం మాత్రం కనపడింది. అయ్యప్ప కదల్లేదు. చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

భవాని చేతికందిన నూకల డబ్బా విసిరేసింది. అది సూరయ్య మోచేతికి తగిలి, మెడ మీద పడవలసిన కత్తి భుజం మీద పడింది. అయ్యప్ప చొక్కా చీలింది. రక్తం కొత్త సున్నం మీదికి చిమ్మింది. సూరయ్య రెండో దెబ్బకి ఆగలేదు. ఎడంచేత్తో అయ్యప్ప జుట్టు పట్టుకుని, ఈడ్చుకుంటూ, తిరుగుతున్న బెల్టు మీదికి వాడి ముఖం వంచాడు. జానెడు దూరం. బెత్తెడు దూరం. బెల్టు గాలికి అయ్యప్ప జుట్టు లేస్తోంది.

భవాని సూరయ్య మణికట్టు పళ్ళతో పట్టుకుంది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చినా వదల్లేదు. అతను మోకాలితో ఆమె కడుపులో గుద్దాడు. ఆమె కింద పడింది. పడిన చోట కాటా పక్కన అయిదు కేజీల తూకం రాయి ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి అతని మోకాలి చిప్ప మీద వేసింది. ఎముక చిట్లిన చప్పుడు ఆ మోతలో కూడా ఆమెకి వినపడింది. సూరయ్య కూలిపోయాడు. కత్తి జారి హల్లరు కిందికి పోయింది.

అప్పటికి సాలమోను తేరుకుని ఎర్రమీట నొక్కాడు. మోటారు ఆగింది. బెల్టు నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయింది. ఒక్కసారిగా అందరి ఊపిర్లూ వినపడ్డాయి.

"నీకు పిచ్చెక్కిందా మావయ్యా?" భవాని గొంతు చీరుకుపోయింది. "చిన్నమ్మలత్త పోయిందని నీకెంత దుఃఖమో నాకంతే. మా అత్తయ్య కూడా ఆ మూలే పోయింది! దానికి వీణ్ణి నరుకుతావా?"

సూరయ్య కాలు పట్టుకుని గచ్చు మీద దొర్లుతున్నాడు. నొప్పికి మాట రావడంలేదు. వచ్చాక, అరుపు కాదు, ఏడుపులా వచ్చింది.

"గట్టు తెగలేదే!"

"ఏంటీ?"

"గట్టు తెగలేదే భవానీ. గట్టు తెగలేదు. కొట్టేరు! పలుగులెట్టి కొట్టేరు. భీమరాజు రొయ్యల చెరువులు పోతాయని, నీళ్ళు మన ఊళ్ళోకి మళ్ళించేరు. కాపలావాడు చూసేడు. ముందు నిలబడి పలుగేసింది నీ తమ్ముడు!"

"ఆ కాపలావాడు తాగుబోతు," అంది భవాని వెంటనే. "భీమరాజు గారు వాణ్ణి పనిలోంచి తీసేసేరు. అందుకని నోటికొచ్చింది కూసేడు. నువ్వు నమ్మి కత్తట్టుకొచ్చేవు."

"సరే. అడుగు. అడిగి చూడు."

అయ్యప్ప గోడకి చేరబడి కూర్చున్నాడు. సాలమోను తన తువ్వాలు చింపి వాడి భుజానికి కట్టు కడుతున్నాడు. గుడ్డ కట్టినంత మేరా ఎర్రబడుతోంది. అయ్యప్ప సూరయ్య వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. ఆ తెల్లగా తోమిన మూల వైపు చూస్తున్నాడు.

"కాదని చెప్పరా," అంది భవాని.

వాడు కట్టు మీద రెండో చెయ్యి వేసుకున్నాడు.

"చెప్పరా, మావయ్య వింటున్నాడు. ఆ వేళ నువ్వు స్కూల్లోనే ఉన్నావు కదా. మాతోనే..."

అంటూనే ఆగిపోయింది. ఆ వేళ పొద్దున్న మైకులో చెప్పి అందర్నీ స్కూలుకి తోలుకెళ్ళినప్పుడు, సాయంత్రానికి ఇళ్ళకొచ్చేస్తామనే అనుకున్నారు అందరూ. నీళ్ళన్నీ గట్టుకి అవతల. తాతల నాటి నుంచీ ఇటు చుక్క రాలేదు. ఇల్లు తాళం వేయకుండా పోయినవాళ్ళు కూడా ఉన్నారు. భవాని నిచ్చెన వైపు చూసింది. నిచ్చెన మీదుగా దూలం వైపు చూసింది. అక్కడ విప్పేసిన తాడు ఇంకా వేలాడుతోంది. స్విచ్చిబోర్డు పక్కనే గోడకి మేకుంది. ఏదైనా పెట్టాలంటే ఆ మేకుకే తగిలిస్తారు. నీటిగీత ఆ మేకుకి రెండడుగుల పైన ఉంది.

"ఫ్యూజులు ఎప్పుడు పీకేవురా?" అంది.

అయ్యప్ప కళ్ళు మూసుకున్నాడు.

"దూలానికెందుకు కట్టేవు? నీళ్ళు ఎంత ఎత్తొస్తాయో నీకెలా తెలుసురా?"

"నేనే కొట్టేనక్కా," అన్నాడు అయ్యప్ప.

సాలమోను చేతిలో కట్టు ఆగిపోయింది. "ప్రభువా" అని గొణిగి లేచి, రెండడుగులు వెనక్కి వేశాడు.

భవాని ఏం చేస్తున్నదీ ఆమెకే తెలియలేదు. మూల పడి ఉన్న పాత బెల్టు చేతిలోకి వచ్చింది. నీళ్ళు తాగి బరువెక్కిన రబ్బరు. మొదటి దెబ్బ వాడి ముఖం మీద పడింది. రెండోది కట్టు కట్టిన భుజం మీద. అయ్యప్ప పక్కకి ఒరిగిపోయాడు. ఆమె వీపు మీద కొట్టింది, తొడల మీద కొట్టింది, తల మీద కొట్టింది. తువ్వాలు ఊడిపోయి గాయం నోరు తెరుచుకుంది. కొట్టిన ప్రతిసారీ బెల్టు చివర్నించి రక్తం తుంపరలు లేచి, ఆమె ముఖం మీదా, గోడ మీదా, ఇందాక పట్టుకున్న తెల్లపిండి మీదా పడ్డాయి. "అన్నం పెట్టింది కదరా! నీకు అన్నం పెట్టింది కదరా!" ఆ ఒక్కమాటే అంటోంది. వాడు ముడుచుకోనూ లేదు, మూలగనూ లేదు. అదే ఆమెకి మరీ కసి పెంచింది. కసిని తీర్చుకోవాలంటే ఎదటివాడు ‘వద్దు’ అనాలి కదా. వాడు అనడంలేదు.

బెల్టు మళ్ళీ లేచేసరికి ఎవరో దాన్ని పట్టుకున్నారు. ఆమె గుంజింది. రాలేదు. చూస్తే సూరయ్య. పగిలిన మోకాలిని ఈడ్చుకుంటూ పాక్కుంటూ వచ్చి, రెండు చేతులతో బెల్టు పట్టుకుని వేలాడుతున్నాడు.

"చచ్చిపోతాడే," అన్నాడు. "ఆపమ్మా. చచ్చిపోతాడు."

చంపుదామని వచ్చిన మనిషి ఆ మాటన్నాడు. భవాని అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖం కన్నీళ్ళతోనూ సున్నంతోనూ తడిసి బురదలా ఉంది. ఆమె వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. బెల్టు నేల మీద పడింది. ఆమె కూడా పక్కనే కూలబడింది.

బయట కొబ్బరాకుల మీంచి ఎవరో సైకిలు మీద పోతున్న చప్పుడైంది.

"మర ఖాళీగా ఉందక్కా," అన్నాడు అయ్యప్ప. పెదవి చిట్లి మాట ముద్దగా వస్తోంది. "అందరూ స్కూలుకి పోయేరని చూసుకునే వెళ్ళేను. ఇక్కడికొచ్చి ఫ్యూజులు పీకేను. ఆ మూల దాకా వెళ్ళి చూసేను. ఎవ్వరూ లేరు. తాళం వేసేను. అత్తయ్య దగ్గర ఇంకో తాళంచెవి ఉందని నాకు తెలీదక్కా."

సూరయ్య నోరు నొక్కుకుని ఏడ్చాడు.

"పలుగు ఇలా దింపేనో లేదో గట్టు దానంతటదే జారిపోయింది. మాకు పరిగెట్టడానికే సందు లేకపోయింది. మర్నాడు పడవ మీదొచ్చి తలుపు తోసింది నేనే కదా. నువ్వు నా వెనక ఉన్నావు. నేనే ముందు చూసేను. ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు..."

"చాలు," అంది భవాని.

ఆమె బెల్టుని దూరంగా తోసేసింది.

"ఎందుకు చేసేవు? భీమరాజు గారు చెప్తే ఊరు ముంచేస్తావా? ఆయన నీకేమవుతాడు?"

"వాడి సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు సూరయ్య పళ్ళు బిగించి. "కాలు లేకపోతే పాక్కుంటూ వెళ్తాను."

"ఆయన చెప్తే నేను కదల్లేదు మావయ్యా," అన్నాడు అయ్యప్ప. "రెండుసార్లు చెప్పేరు. రెండుసార్లూ కుదరదన్నాను. మా అక్క మర అటే ఉందండీ, ఊరు అటే ఉందండీ అన్నాను. అప్పుడు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టేరు."

"ఎవరి ఫోను?"

అయ్యప్ప మొదటిసారి తలెత్తి అక్క కళ్ళలోకి చూశాడు. వరద నాటి నుంచీ దాచిన చూపు అది.

"నాకు మోటార్ల సంగతేం తెలుసక్కా? ఫ్యూజులు పీకమనీ, మేకుకి కాదు దూలానికి కట్టమనీ నాకు తోచే మాటా అది? ‘మర పోతే మళ్ళీ కట్టుకుందాంరా. ఆ చెరువుల్లో సగం నావి. పదేళ్ళ ఎడారి కష్టం అందులో ఉంది. మీ అక్కకి తెలీదు, చెప్పకు. కొట్టెయ్‌’ అన్నాడు."

భవానికి మాట అందింది. అందినా లోపలికి దిగడంలేదు. మస్కట్ నుంచి వచ్చిన ఫోన్లన్నీ వరసగా చెవుల్లో మోగాయి. తల్లి పోయిందని చెప్పిన రోజు అవతల చాలాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత అతను అడిగిన మొదటిమాట ‘ఎక్కడ దొరికింది?’ మరలో అని చెబితే ఫోను పెట్టేశాడు. ఆ తరవాత చేసిన ప్రతిసారీ ఏడుపు ఆపుకుంటూ ఒకటే అడిగేవాడు: ‘ఊళ్ళో ఎవరైనా ఏమైనా అనుకుంటున్నారా?’ దుఃఖంలో ఉన్న కొడుకు, ఊరేమనుకుంటుందోనని బాధపడుతున్నాడనుకుంది. కర్మకి రాలేకపోయానని ఊరు తిట్టుకుంటోందేమోనని కాబోలనుకుని, ‘ఎవరూ ఏమీ అనుకోవట్లేదండీ, మీరు దిగులెట్టుకోకండి’ అని తనే ఓదార్చింది. ఎన్నిసార్లు ఓదార్చింది!

"బావా?" అంది. ఆ మాట తన నోటితోనే వచ్చిందో లేదో తెలియలేదు.

"బావే," అన్నాడు అయ్యప్ప.

సూరయ్య గోడ పట్టుకుని లేవబోయాడు. మోకాలు నిలవక మళ్ళీ హల్లరు పక్కన కూలబడ్డాడు. "కన్నతల్లిని," అన్నాడు. అరచేత్తో గచ్చు మీద కొట్టాడు.

బయట రోడ్డు మీద ఆటో ఆగింది. సామాను దింపుతున్న చప్పుడు, డ్రైవరుతో ఎవరో రెండు మాటలు. తరవాత ఇంటి గుమ్మం వైపు వెళ్ళబోయిన చెప్పుల చప్పుడు ఆగి, మర వైపు తిరిగింది.

"భవానీ!" అన్న కేక వినపడింది. "మోటారు తిరుగుతోందంటగా? రోడ్డు మీదే చెప్పేరు!"

వస్తున్నానని మాటైనా చెప్పకుండా మస్కట్ నుంచి దిగిన శివశంకర్, వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. విమానంలో వేసుకొచ్చిన బట్టలు నలిగి ఉన్నాయి. గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యాడు. ఎండలోంచి రావడం వల్ల మొదట ఏమీ కనపడలేదతనికి. కళ్ళు చికిలించుకుని నిలబడ్డాడు. ముందు రక్తం కనపడింది. తరవాత ముఖమంతా ఎర్రటి తుంపరలతో నేల మీద కూర్చున్న భార్య కనపడింది.

భార్యని చూసి ‘ఏమైంది’ అని అడగలేదు. అతని కళ్ళు ఆమెని దాటి, గోడ కింద పడి ఉన్న అయ్యప్ప మీదికి వెళ్ళాయి. అక్కడే ఉండిపోయాయి. చేతిలో పెట్టె జారిపోయింది.

భవానికి ఇంక ఎవర్నీ ఏమీ అడగవలసిన పని లేకపోయింది.

ఆమె లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సాలమోను గారూ," అంది నెమ్మదిగా, "మీరు బయటికెళ్ళండి. ఎవరైనా వస్తే మోటారు ఇంకా కుదురుకోలేదని చెప్పండి."

"అమ్మా, డాక్టరు కావాలండి వీళ్ళకి..."

"ఆయ్. పిలుద్దాం. కాసేపాగి పిలుద్దాం. మీరెళ్ళండి."

సాలమోను ఒక్కొక్క ముఖమే చూశాడు. పనిముట్ల సంచి కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

"భవానీ, నేను చెప్పేది..." అన్నాడు శివశంకర్.

ఆమె అతని పక్కనుంచే గుమ్మం దాకా వెళ్ళింది. తిరిగి చూస్తే సూరయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. అతని కుడిచెయ్యి హల్లరు కింద, కత్తి జారిపోయిన చోట, తడుముతూ తడుముతూ లోపలికి పోతోంది.

భవాని అది చూసింది. చూసి, తలుపు లోపలి గడియ వేసింది.